సొంత డబ్బుతో నడిపే చిన్న వ్యాపారం: సమయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్వెస్టర్లు లేకుండా, చేతిలో ఉన్న డబ్బుతో, ఒక్కరో ఇద్దరో ముగ్గురో కలిసి వ్యాపారం నడుపుకునేవారు మాటిమాటికీ అడిగే ప్రశ్నలివి. సరుకు అమ్మేవారికీ సర్వీసు చేసేవారికీ లెక్క మారే చోట ఆ తేడా విడిగా చెప్పాం.

పెద్ద కంపెనీల టైమ్ మేనేజ్‌మెంట్ సలహాలు మాకెందుకు అతకవు?

వాళ్ల దగ్గర డబ్బుంది, దాంతో సమయం కొనుక్కుంటారు. మనిషిని పెడతారు, ఏజెన్సీకి ఇస్తారు. మీ దగ్గరున్నది సమయం, దాంతో డబ్బు తెచ్చుకోవాలి. అందుకే ముఖ్యం, అర్జెంటు అని నాలుగు గళ్లు గీసి పనులు పంచుకుంటే మీకు సరిపోదు. ప్రతి పనినీ ఇంకో ప్రశ్న అడగాలి: దీని మీద గంట పెడితే డబ్బు ఎన్ని రోజుల్లో చేతికొస్తుంది?

అలా అడిగితే వరస దాదాపు ఎప్పుడూ ఇలాగే వస్తుంది. మొదట, చేసేసిన పనికి రావలసిన బాకీ. తర్వాత సగంలో ఉన్న ఆర్డరు, అది పూర్తయితే గానీ బిల్లు వేయలేరు కాబట్టి. ఆపైన ధర అడిగి ఎదురుచూస్తున్నవాళ్లు, పాత కస్టమర్లు, ఆ తర్వాతే కొత్తవాళ్ల వేట. లోగో మార్చడం, వెబ్‌సైట్ రంగులు దిద్దడం అట్టడుగున. చాలామంది రోజు సరిగ్గా తలకిందులుగా మొదలవుతుంది, ఎందుకంటే లోగో పని హాయిగా ఉంటుంది, బాకీ అడగాలంటే మొహమాటం.

ఈ వరసలో ఒక ప్రమాదం ఉంది. దీన్నే పట్టుకు వేలాడితే ఈ నెల గడుస్తుంది, మూడో నెలలో ఆర్డర్లుండవు. వారానికి రెండు మూడు గంటలు కొత్త కస్టమర్ల కోసం పక్కన పెట్టి, ఎంత పని ఉన్నా వాటి జోలికి పోకండి.

సమయం ఎక్కడికి పోతోందో అంతుపట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు వారాల చిట్టా రాయండి. యాప్ అక్కర్లేదు, జేబులో పట్టే నోటుపుస్తకం చాలు. నియమం ఒక్కటే: పని మారినప్పుడల్లా టైమూ, కొత్త పనీ ఒక లైనులో రాయాలి. రాత్రి కూర్చుని గుర్తుతెచ్చుకుని రాసేది చిట్టా కాదు, కల్పన. మధ్యలో పోయిన పది నిమిషాలు అందులోకి రావు, మీరు వెతుకుతున్నది వాటినే.

ఒక పొద్దుటి ముక్క ఇలా ఉంటుందనుకోండి: 10:00 కొటేషన్. 10:12 ఫోన్. 10:20 మళ్లీ కొటేషన్. 10:31 ప్యాకింగ్ టేపు అయిపోయింది, బయటికి. 11:05 కొటేషన్. 11:25 పంపాను. కొటేషన్ మీద కూర్చున్నది 43 నిమిషాలు, గడియారంలో గడిచింది 85. ఇక్కడ దొంగ ఫోన్ కాదు, టేపు. ఫోన్‌కు పోయింది 8 నిమిషాలైతే టేపుకు పోయింది 34. దీనికి మందు క్రమశిక్షణ కాదు. షెల్ఫులో రెండు చుట్టలే మిగిలినప్పుడు కొత్తవి తెప్పించాలన్న గీత ఒకటి గీసుకోవడం.

రెండు వారాలయ్యాక ప్రతి లైను పక్కనా ఒక అక్షరం వేయండి: 'డ' అంటే డబ్బు తెచ్చే పని, 'వ' వసూలూ బిల్లింగూ, 'అ' అమ్మకం కోసం చేసింది, 'ని' నిర్వహణ, 'త' తప్పు దిద్దుకోవడం. మొత్తాలు వేశాక ముందు 'త' చూడండి. తప్పుడు అడ్రసు, సరిగ్గా వినని కొలత, రెండోసారి చేసిన డిజైన్, అన్నీ అక్కడుంటాయి. ఆర్డరు తీసుకునేటప్పుడు ఐదు నిమిషాలు ఎక్కువ పెట్టి వివరాలన్నీ రాసుకుని, కస్టమర్‌కు పంపి 'సరే' అనిపించుకుంటే వీటిలో చాలా భాగం పుట్టవు.

నా గంట ఖరీదు ఎలా లెక్కకట్టాలి?

సర్వీసు చేసేవారైతే, నెలకు ఇంటికి కావలసింది, వ్యాపారపు స్థిర ఖర్చులు కలపండి. 40,000, 20,000 అనుకుందాం, మొత్తం 60,000. నెలకు 200 గంటలు పనిచేస్తున్నారు కాబట్టి గంటకు 300 అనుకుంటే దెబ్బతింటారు. చిట్టా చూస్తే ఆ 200లో బిల్లు వేయగలిగినవి 90 గంటలే ఉండొచ్చు. 60,000ను 90తో భాగిస్తే 667. మీ ధర దీని మీద నిలబడాలి. చిన్న వ్యాపారాలు రాత్రింబగళ్లు పనిచేస్తూ కూడా డబ్బుకు కటకటలాడుతుంటే, చాలాసార్లు అసలు కారణం 300కీ 667కీ ఉన్న ఈ ఎడం. అది సమయం సమస్యలా కనిపిస్తుంది గానీ ధర సమస్య.

సరుకు అమ్మేవారికి ఈ లెక్క కుదరదు. మీరు నెల రోజుల బిల్లులు తీసి, వాటి మీదున్న టైము ప్రకారం గంటగంటకూ ఎంత లాభం మిగిలిందో వేయండి. అమ్మిన మొత్తం కాదు, సరుకు ఖరీదు పోగా మిగిలింది. రోజులో రెండు మూడు గంటలు దాదాపు ఖాళీగా తేలతాయి. సరుకు సర్దడం, పద్దులు రాయడం, ఫోన్లు ఆ గంటల్లోకి నెట్టండి. గిరాకీ ఉన్న వేళ కౌంటర్ వెనక లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే వచ్చిన మనిషి చూసి వెళ్లిపోతాడు.

రోజును ఎంతవరకు నింపుకోవాలి?

పది గంటల రోజైతే ఆరున్నర, మహా అయితే ఏడు గంటలకే పనులు వేసుకోండి. మిగతాది బద్ధకానికి వదిలింది కాదు. పని ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, చేసే మనిషి ఒక్కరే అయినప్పుడు, నిండే కొద్దీ నిరీక్షణ నేరుగా పెరగదు, ఎగబాకుతుంది. క్యూల గణితంలో అన్నిటికన్నా సులువైన నమూనా ప్రకారం, ఒక్కో పనికి సగటున గంట పడితే, మీరు 50 శాతం నిండి ఉన్నప్పుడు కొత్త పని సగటున ఒక గంట ఆగుతుంది. 80 శాతానికి 4 గంటలు. 90 శాతానికి 9. 95 శాతానికి 19. 90 నుంచి 95కు ఆ చివరి ఐదు శాతం నింపుకుంటే మీకు దక్కేది పది గంటల రోజులో అరగంట పని, కస్టమర్ ఎదురుచూపు మాత్రం రెట్టింపుకు పైనే.

పని ఎంతసేపు పడుతుందన్న అంచనా ప్రతిసారీ తప్పుతోంది. ఎందుకు?

అందరికీ తప్పుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఈ పొరపాటుకు పేరు పెట్టి వివరించారు: అంచనా వేసేటప్పుడు మనం ఈ పని సాఫీగా సాగితే ఎలా ఉంటుందో ఊహిస్తాం, ఇలాంటి పనులు ఇదివరకు ఎంతసేపు పట్టాయో చూడం. పాత లెక్క చూసుకుంటే అంచనా దారికొస్తుంది.

అలాంటివే చేసిన చివరి ఐదు పనులు తీయండి. అనుకున్న గంటలు 4, 3, 6, 2, 5. నిజంగా పట్టినవి 6, 4, 9, 5, 7. ఒక్కోదాన్నీ భాగిస్తే 1.5, 1.33, 1.5, 2.5, 1.4. చిన్న నుంచి పెద్దకు పేర్చి మధ్యలోది తీసుకోండి: 1.5. సగటు తీయకండి, ఆ ఒక్క 2.5 దాన్ని పైకి లాగేస్తుంది. ఇకమీద మీ మనసు 8 గంటలు అంటే కస్టమర్‌కు 12 చెప్పండి.

ఆ మిగతా నాలుగు గంటలు ఎక్కడ దాక్కుంటాయంటే: శాంపిల్‌కు కస్టమర్ ఓకే చెప్పేదాకా ఆగడం, 'చిన్న మార్పు' అంటూ వచ్చే రెండో విడత, ప్యాకింగ్, పోనూరానూ ప్రయాణం, పని అయ్యాక శుభ్రం చేయడం. వీటిలో మొదటి రెండూ మీ చేతిలో లేవు కాబట్టి వాటికి హద్దు కొటేషన్‌లోనే పెట్టాలి: రెండు మార్పులు ధరలో కలిపి, మూడో దానికి విడిగా. ఓకే ఆలస్యమైతే డెలివరీ తేదీ అన్ని రోజులూ జరుగుతుంది.

ఫోన్లు, మెసేజ్‌లు రోజంతా వస్తూనే ఉంటాయి. తీయకపోతే ఆర్డరు పోతుందన్న భయం.

భయంలో సగం నిజముంది. కొత్తగా ధర అడిగేవారు ఒకేసారి ముగ్గురు నలుగురిని అడుగుతారు. ముందు జవాబిచ్చినవారికి మొగ్గు. అయితే వచ్చేవన్నీ కొత్త ఆర్డర్లు కావు. వారం పాటు ఎన్ని వచ్చాయో గీతలు పెట్టి చూడండి: కొత్త విచారణ, నడుస్తున్న ఆర్డరు, ఫిర్యాదు, మీకే ఏదో అమ్మజూపేవాళ్లు.

విచారణలకు జవాబు ముందే రాసి పెట్టుకోండి. ఆరేడు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తుంటాయి: ధర ఎంత నుంచి ఎంత దాకా, ఎన్ని రోజులు, అడ్వాన్స్ ఎంత, డెలివరీ ఉందా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా. ఒక్కోదానికీ నాలుగు లైన్ల జవాబు ఫోన్‌లో సిద్ధంగా ఉంటే అర నిమిషంలో పని అయిపోతుంది. నడుస్తున్న ఆర్డర్ల సంగతి రోజుకు మూడు వేళల్లో చూడండి, ఆ వేళలు కస్టమర్‌కు ముందే చెప్పండి. ఇంకో ఉపాయం: వాళ్లు అడిగేలోపు మీరే ఒక లైను పంపండి, 'కటింగ్ అయింది, గురువారం సాయంత్రానికి చేతికిస్తాం' అని. 'ఎంతవరకు వచ్చిందండీ' అనే ఫోన్లు దాంతో బాగా తగ్గుతాయి. ఫిర్యాదును మాత్రం వేళ కోసం ఆపకండి. పరిష్కారం రేపు చెప్పినా సరే, విన్నామన్న మాట ఇవాళే వెళ్లాలి.

పని మధ్యలో ఆగితే పోయేది ఆ రెండు నిమిషాలే కాదు. ఒక పని వదిలి ఇంకోదానికి మారినప్పుడు బుద్ధిలో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఆగక తప్పనప్పుడు, ఎక్కడ ఆపారో, తర్వాతి అడుగేమిటో ఒక లైను రాసి లేవండి. 'మూడో వరస మొత్తం సరిచూడాలి' అని కాగితం మీద ఉంటే తిరిగి వచ్చాక మొదటి నుంచి చదవనక్కర్లేదు.

చిన్న చిన్న పనులు కలిపి ఒకేసారి చేయడం మంచిదేనా?

సిద్ధం కావడానికి పట్టే సమయం పనికి పట్టే సమయం కంటే ఎక్కువైన చోట మంచిదే. బిల్లు వేయడానికి 4 నిమిషాలు, దానికోసం లాప్‌టాప్ తెరిచి, వివరాలు వెతికి, ఫైల్ తీయడానికి 10 నిమిషాలు అనుకోండి. ఐదు బిల్లులు విడివిడిగా వేస్తే 70 నిమిషాలు, ఒకేసారి కూర్చుంటే 30.

రెండు చోట్ల ఇది బెడిసికొడుతుంది. మొదటిది, తప్పు కూడా కట్టలకొద్దీ వస్తుంది: లేబుల్‌లో తేదీ తప్పు పడితే అరవై లేబుళ్లలోనూ తప్పే. అందుకే ఒకటి చేసి, ఆఖరిదాకా పరీక్షించి, అప్పుడు మిగతావి. రెండోది, బిల్లుల్ని నెలాఖరు దాకా కట్టగట్టి ఉంచడం. ఒక రోజు బిల్లులు ఆ రోజులోనే కలపండి, అంతకు మించి వద్దు. ఎందుకో కింద ఉంది.

వసూళ్లకు ఎంత సమయం పెట్టాలి?

వారానికి ఒక గంట, ఒకే రోజు, ఒకే వేళ, మీరు అలసిపోకముందు.

ముప్పై రోజుల గడువిచ్చి, బిల్లు పది రోజులు ఆలస్యంగా పంపితే మీరు ఇచ్చింది నలభై రోజుల గడువు. ఆ పది రోజులూ సరుకు డబ్బు మీ జేబులోంచి తిరుగుతుంది. పని అప్పగించిన రోజే బిల్లు వెళ్లాలి, వీలైతే సరుకుతో పాటే.

జాబితా మూడు వరసల్లో ఉంటే చాలు: గడువు లోపలివి, గడువు దాటి ముప్పై రోజుల్లోపువి, అంతకు మించినవి. మధ్య వరసతో మొదలుపెట్టండి. మూడో వరసలోని మొండి బాకీలతో మొదలుపెడితే మొదటి ఫోన్‌కే నీరసం వస్తుంది, మధ్య వరస కూడా ముదిరి అటు జారుతుంది. అడిగేటప్పుడు కథ వద్దు: 'నమస్కారమండీ, 12వ తేదీ బిల్లు గడువు నిన్నటితో అయింది. ఏ రోజుకు వేస్తారో చెబితే రాసుకుంటాను.' తేదీ చెప్పించుకుని, అదే మాట మెసేజ్‌లో పంపి, ఆ రోజు పొద్దున్నే గుర్తుచేయండి. 'చూస్తాం లెండి' అన్నది తేదీ కాదు.

కొత్త కస్టమర్ అయితే అడ్వాన్స్ తీసుకోండి. కనీసం కొనబోయే సామాను ఖరీదంతైనా ఉండాలి. వసూళ్ల సమయం తగ్గించడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు.

కొటేషన్లు రాయడంలోనే రోజులు పోతున్నాయి, ఆర్డర్లు మాత్రం కొన్నే.

రాయడానికి ముందు నాలుగు అడగండి: ఏం కావాలి, ఎప్పటికి, సుమారు ఎంత అనుకుంటున్నారు, నిర్ణయం ఎవరిది. నాలుగో ప్రశ్నకు 'మా సార్‌ని అడగాలి' అంటే పూర్తి కొటేషన్ వద్దు, ధర ఎంత నుంచి ఎంత దాకా ఉంటుందో ఒక్క లైనులో చెప్పండి. పూర్తిది ఇచ్చేటప్పుడు చెల్లుబాటు తేదీ వేయండి. రెండో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, రెండు వారాలకు ఆఖరిసారి పలకరించి ఆ కాగితం మూసేయండి.

తెల్లవారుజామున లేవడం, ఇరవై ఐదు నిమిషాల టైమర్ లాంటివి పనిచేస్తాయా?

ఎన్నింటికి లేచారన్నది పెద్ద విషయం కాదు, ఎవరూ కదిలించని రెండు గంటలు దొరకాలి. అవి తెల్లవారుజామునైనా, షట్టర్ దించాకైనా సరే. ఇరవై ఐదు నిమిషాల పద్ధతిని ఫ్రాన్సెస్కో చిరిల్లో 1980ల చివర్లో, తాను చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. వాయిదా పడే పనులకు, ముఖ్యంగా పద్దులకు, బాగా పనికొస్తుంది. కౌంటర్‌లో కూర్చునేవారికి మాత్రం తలనొప్పే, ఎందుకంటే టైమర్ మోగేదాకా కస్టమర్ ఆగడు.

ఉద్యోగం చేస్తూ వ్యాపారం నడుపుతున్నాను. వారానికి ఎన్ని గంటలు నమ్ముకోవచ్చు?

వారానికి 168 గంటలు. నిద్రకు 56, ఉద్యోగానికీ ప్రయాణానికీ 50, తిండి, స్నానం, ఇల్లు, పిల్లలు వగైరా 35. మిగిలేవి 27. అందులో 15 మాత్రమే నమ్ముకుని ఆర్డర్లు ఒప్పుకోండి, ఎందుకంటే మిగతావి సాయంత్రపు అలసటకూ, ఇంట్లో ఒకరికి జ్వరం రావడానికీ పోతాయి. పగటిపూట వెంటనే జవాబివ్వాల్సిన వ్యాపారం ఈ 15 గంటల్లో ఒదగదు. తేదీ చెప్పి తర్వాత అందించేది ఒదుగుతుంది. ఆఫీసు సమయం, ఆఫీసు లాప్‌టాప్ దీనికి వాడకండి, ఉద్యోగ ఒప్పందంలో బయటి పని గురించి ఏముందో ముందే చదవండి.

మొదటి మనిషిని ఎప్పుడు పెట్టుకోవాలి? ముందు ఏ పని అప్పజెప్పాలి?

మూడు నెలల జీతం పక్కన పెట్టగలిగినప్పుడు, పైగా ఖాళీ అయ్యే మీ గంటల్ని నింపే ఆర్డర్లు కంటికి కనబడుతున్నప్పుడు. రెండోది లేకపోతే మీకు విశ్రాంతి దొరుకుతుంది, డబ్బు దొరకదు. విశ్రాంతి కోసమే అయితే తప్పేం లేదు, అది ఖర్చని తెలిసి చేయండి.

ముందు అప్పజెప్పాల్సిన పనికి మూడు లక్షణాలుండాలి: తరచూ వచ్చేది, సరిగ్గా చేశారో లేదో చూడగానే తెలిసేది, తప్పు జరిగినా చవగ్గా సరిదిద్దుకోగలిగేది. ప్యాకింగ్, డెలివరీ, స్టాక్ లెక్క, ఫోటోలు తీయడం అలాంటివి. ధర నిర్ణయించడం, పెద్ద బాకీ అడగడం, పాత కస్టమర్ ఫిర్యాదు వినడం ఆఖరున.

నేర్పే పద్ధతి: మీరు చేస్తూ అడుగులు ఒక పేజీలో రాయండి. ఆ పేజీ చూసి వాళ్లను చేయమనండి, మీరు నోరు మెదపకండి. ఎక్కడ ఆగారో అక్కడ పేజీలో లోపముంది. వారానికి 5 గంటలు తినే పని నేర్పడానికి 12 గంటలు పట్టి, తర్వాత సరిచూసేందుకు వారానికి గంట పోతుందనుకుంటే, మిగిలేవి వారానికి 4. నేర్పిన సమయం మూడు వారాల్లో తీరిపోతుంది. ఆ మూడు వారాలూ మీ పని పెరుగుతుంది, తగ్గదు. చాలామంది రెండో వారంలోనే 'దీనికన్నా నేనే చేసుకోవడం నయం' అని వెనక్కి లాగేసుకుంటారు. కాబట్టి రద్దీ సీజన్‌కు ముందు వారం ఎవరినీ కొత్తగా పెట్టకండి.

ఏ యాప్ వాడాలి?

మీరు ఇప్పటికే రోజూ తెరిచేది. తేదీలకు ఒక క్యాలెండర్, పనులకు ఒక జాబితా, డబ్బుకు ఒక ఖాతా. ఇవి మూడూ ఒక్కొక్కటే ఉండాలి. జాబితా రెండు చోట్ల ఉంటే రెండూ తప్పే.

ప్రతి ఒక్కరూ అర్జెంట్ అంటారు. ఏం చేయాలి?

'ఎప్పటికి కావాలి?' అని కాకుండా 'ఏ రోజు వాడతారు?' అని అడిగి చూడండి. రేపు కావాలన్న సరుకు శనివారం ఫంక్షన్‌కని తేలుతుంది, అంటే శుక్రవారం మధ్యాహ్నానికి అందితే చాలు. నిజంగా అర్జెంటైతే వారానికి ఒకటి రెండు అర్జెంటు ఖాళీలు ముందే ఉంచుకుని, వాటికి ఎక్కువ ధర వేయండి. ఆ ఖాళీలు నిండాక వచ్చినవారికి తర్వాతి తేదీ చెప్పాలి. మొహమాటపడి ఒప్పుకుంటే వెనక్కి జరిగేది అడ్వాన్స్ కట్టి నోరు మూసుకుని కూర్చున్న మంచి కస్టమర్.

పన్నులు, లైసెన్సులు, పద్దులు ప్రతిసారీ ఆఖరి రోజే గుర్తొస్తాయి.

క్యాలెండర్‌లో గడువు తేదీ వేయకండి, దానికి పది రోజుల ముందు తేదీ వేయండి, ఏయే కాగితాలు కావాలో అక్కడే రాసి. పద్దులకు రోజూ షాపు మూసే ముందు పావుగంట: గల్లాలో నగదు లెక్కపెట్టడం, బ్యాంకులో పడినవి చూడటం, రసీదులకు ఫోటో. రోజు తప్పితే మర్నాడు రెట్టింపు కాదు, మూడింతలు పడుతుంది, ఎందుకంటే 'ఈ 850 దేనికిచ్చాం' అన్నది గుర్తుచేసుకోవడానికే ఎక్కువ సమయం పోతుంది.

వారానికోసారి కూర్చుని చూసుకోవాలంటారు. ఏం చూడాలి?

నలభై నిమిషాలు చాలు. ముందు బ్యాంకు నిల్వ, వచ్చే నాలుగు వారాల్లో రావలసినవి, కట్టాల్సినవి. తర్వాత ఆగిపోయిన ఆర్డర్లు, ఒక్కోటీ ఎవరి కోసం ఆగిందో. మీ కోసం ఆగినవి ముందు కదపండి. తర్వాత వచ్చే వారానికి మూడే మూడు పెద్ద పనులు, క్యాలెండర్‌లో వేళతో సహా. చివర్లో ఈ వారం రెండోసారి చేయాల్సి వచ్చిన పని ఏదైనా ఉంటే, దాని కారణం ఒక లైను. పనుల జాబితాలో మూడు వారాలుగా కదలని పని ఉంటే చిన్న ముక్కలు చేయండి, లేదా కొట్టేయండి.

ఒక కస్టమర్ చాలా సమయం తినేస్తున్నాడు. వదులుకోవాలా?

చిట్టా చూసి లెక్క వేయండి. నెలకు అతని వల్ల 6,000 మిగులుతోంది, ఫోన్లు, మార్పులు, వసూళ్లతో కలిపి 20 గంటలు పోతున్నాయంటే గంటకు 300. మీ గంట 667 అని పైన తేలింది. అయినా వెంటనే వదలకండి. ఆ 20 గంటలకు వేరే పని ఇంకా లేకపోతే ఆ 6,000 కూడా పోతుంది. ముందు ధర పెంచి, మార్పులకు హద్దు పెట్టి, సగం డబ్బు ముందే అడగండి. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే చేతిలో ఉన్న ఆర్డరు పూర్తిచేసి, బాకీ మొత్తం చేతికొచ్చాక, తర్వాతి ఆర్డరుకు తేదీ ఖాళీ లేదని చెప్పండి. బాకీ రాకముందే ఆ మాట చెబితే ఆ బిల్లు మూడో వరసలోకి చేరుతుంది.